బళ్ళారి నాటకాల తెరలు – మా బడి తెర

బళ్ళారి అంటే బయటివాళ్ళకు కోట, గనులు, జీన్స్ ప్యాంట్లు గుర్తొస్తాయి. కానీ తెలుగు నాటక చరిత్రను మా ఊరి పేరు లేకుండా రాయలేరు. ఈ సంగతి నాకు ఒక తెర కుట్టేటప్పుడు తెలిసింది.

పోయిన ఏడాది వార్షికోత్సవానికి మేము శ్రీకృష్ణదేవరాయల మీద చిన్న నాటకం వేయాలనుకున్నాం. రాజసభ, వీధి, అడవి అని మూడు దృశ్యాలు కావాలి. మా బడికి సొంత స్టేజీ లేదు. బాడుగ హాల్లో వేయాలి. డ్రామా సీన్స్ బాడుగకు అడిగితే మా దగ్గరున్న డబ్బుకు మూడింతలు చెప్పినారు. "మన క్లాసులో ఉండేదే పదకొండు మంది. తెరలెందుకు, ఎవరు చూస్తారులే" అని కొందరన్నారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. మా తెలుగు సార్ మాత్రం, "మన ఊరివాళ్ళు నాటకాన్ని ఎట్ల మోసుకొని తిరిగినారో ముందు తెలుసుకోండి" అన్నారు.

అప్పుడు నేను తెలుసుకున్నది ఇది. 19వ శతాబ్దంలో పార్సీ నాటక కంపెనీలు రంగులు వేసిన తెరలతో దేశమంతా తిరిగేవి. అడవి, కోట, వీధి అన్నీ గుడ్డ మీదే ఉండేవి. ఆట అయిపోతే చుట్టి రైలెక్కించడమే. ఆ కాలంలోనే బళ్ళారిలో వకీలుగా ఉన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) సరస వినోదినీ సభ స్థాపించి, 'చిత్రనళీయం' వంటి నాటకాలు రాసి ఆడించారు. ఆయన ఇంగ్లీషు నాటకాల పద్ధతిలో అంకాలను రంగాలుగా విడదీశారు. రంగం మారితే చోటు మారాలి, చోటు మారాలంటే తెర మారాలి. అందుకే తెరలు అంత అవసరమయ్యాయని నాకనిపించింది. ఆయన లాగే వకీలైన కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ నడుపుతూ విజయనగర చరిత్రను నాటకంగా రాశారు. ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946) తెలుగులోనూ కన్నడంలోనూ నటించి దేశమంతా పేరు తెచ్చుకున్నారు.

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటక కుటుంబాలు అంతకు ముందు తోలుబొమ్మలాట ఆడినవాళ్ళే. తోలుబొమ్మలాటకు ఒక తెల్లగుడ్డ, ఒక దీపం, ఒక బొమ్మల పెట్టె చాలు. ఊరూరా మోసుకుపోవడం వాళ్ళకు కొత్త కాదు. తరువాత పెద్ద పెద్ద తెరలను, పందిళ్ళను కూడా అట్లే మోసుకొని తిరిగారు.

ఇవన్నీ ఇంట్లో చెప్తే మా తాత నవ్వినాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన పల్లె నాటకాలకు తెర లాగేవాడట! ఆ సంగతి మాకెవరికీ తెలీదు. ఇంక ఆయనే మాకు మేస్త్రీ.

కోరాగుడ్డ కొని మూడు తెరలు కుట్టించాం. ఒక్కోదానికి పైన ఒక వెదురు, కింద ఒక వెదురు. కింది వెదురు బరువుకు తెర ముడతలు లేకుండా నిలబడుతుంది. గుడ్డకు గంజి పట్టించి, సుద్దపొడిలో బంక, రంగు కలిపి పూసినాం. రాజసభ తెర ఆరినాక చుట్టితే రంగు పెళ్ళలుగా రాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది. తాత వేలితో గీకి చూసి, "బంక ఎక్కువైంది రా. గట్టిగా అంటుకోవాలని ఎక్కువ పోస్తే ఆరినాక పెళుసైతాది. పల్చగా రెండు పూతలు వెయ్యండి" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పినాడు: "తెరను ఎప్పుడూ చుట్టల్ల, మడత పెట్టగూడదు. మడత పడిన చోట రంగు పగుల్తాది." అట్లే చేసినాం. ఈసారి రాల్లేదు. మూడు తెరలూ ఒకే ఆటోలో హాలుకు చేరినాయి.

నాటకం బాగా జరిగింది. రాజసభ తెర దిగగానే జనం చప్పట్లు కొట్టినారు. వారం తరువాత పక్కనున్న కన్నడ బడి పిల్లలు వాళ్ళ నాటకానికి ఆ తెర అడిగినారు. నిజం చెప్పాలంటే నాకు ఇవ్వబుద్ధి కాలేదు. అంత కష్టపడి చేసుకున్న మా తెలుగు బడి తెర కదా అనుకున్నాను. తాతతో చెప్తే, "నేను ఒక రాత్రి కన్నడ నాటకానికి, ఇంకో రాత్రి తెలుగు నాటకానికి అదే తెర లాగినాను. తెరకు భాష యాడిదప్పా?" అన్నాడు.

అప్పుడు సార్ చెప్పిన ఇంకో విషయం గుర్తొచ్చింది. 1891లో బళ్ళారి సభవాళ్ళు మద్రాసులో వేసిన తెలుగు నాటకం చూసే పమ్మల్ సంబంధ మొదలియార్ అనే తమిళ యువకుడు అదే ఏడాది సుగుణ విలాస సభ ప్రారంభించాడు. 1953 అక్టోబరు 1న మా పాత జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయాయి. తాత తెర లాగింది ఆ తరువాతే. జిల్లాను విడదీసినా తెర మాత్రం రెండు భాషలకూ పనికొచ్చింది.

మరుసటి రోజు నేనే తెర చుట్టి భుజం మీద పెట్టుకొని ఆ బడికి పోయి ఇచ్చి వచ్చినాను. "చుట్టండి, మడత పెట్టొద్దు" అని కన్నడంలో చెప్పినాను. వాళ్ళు నాటకమయ్యాక జాగ్రత్తగా చుట్టే పంపినారు. ఒక మూల చిరిగిన చోట కుట్టు కూడా వేసినారు.

ఈ ఏడాది మా క్లాసులో తొమ్మిది మందిమే ఉన్నాం. అయినా నాటకం మానుకోలేదు. తెర ఉంది, తాత ఉన్నాడు, చూడడానికి పక్క బడివాళ్ళు కూడా వస్తామన్నారు.