మూలపాఠం, యంత్రప్రతి: బిట్‌కాయిన్ నిర్మాణ చరిత్ర

2009 జనవరిలో సతోషి నకమోటో అన్న మారుపేరుతో ఎవరో (ఒకరో, కొందరో నేటికీ తేలలేదు) బిట్‌కాయిన్ ప్రోగ్రాము తొలి ప్రతిని లోకానికి విడుదల చేశారు. ఆ మూటలో రెండు వస్తువులున్నాయి. ఒకటి, విండోస్ కంప్యూటరులో నొక్కగానే నడిచే ప్రోగ్రాము. రెండవది, దానికి మూలమైన సి ప్లస్ ప్లస్ పాఠం. బ్యాంకును గాని ప్రభుత్వాన్ని గాని నమ్మవలసిన పని లేని ద్రవ్యం కావాలన్నది ఆ కృతి సంకల్పం. అయితే ఆ ద్రవ్యాన్ని నడిపే ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చి ఇచ్చిన చేతిని మాత్రం నమ్మక తప్పకపోతే, సంకల్పం సగంలోనే భగ్నమైనట్టు కదా! చదవడానికి పెట్టిన పాఠమూ, నడపడానికి ఇచ్చిన ప్రతీ ఒకటేనని ఎవరు హామీ? బిట్‌కాయిన్ ధర ఎగుడుదిగుడుల కథలు పత్రికలలో కావలసినన్ని వస్తాయి. ఈ ప్రశ్న కథ మాత్రం అరుదుగా వినబడుతుంది. నాణేలు కొనమని గాని వద్దని గాని చెప్పే అర్హత నాకు లేదు. పాఠనిర్ణయం, ప్రతుల తారతమ్యం వంటి మాటల మధ్య జీవితం గడిపిన తెలుగు పండితుణ్ణి గనుక ఈ కథ నన్ను పట్టుకున్నది.

మూలపాఠాన్ని యంత్రం గ్రహించే అంకెలుగా మార్చడాన్ని కంపైల్ చేయడం అంటారు. దీనిని మనవారు సంకలనం అన్నారు. సంకలనమంటే పలుచోట్ల ఉన్న పద్యాలనో వ్యాసాలనో ఒకచోట చేర్చడం, ఇదేమో అనువాదం వంటి పని, ఆ మాట ఎలా పొసగుతుందని ఆక్షేపించేవారున్నారు. మాట పుట్టుక చూస్తే ఆక్షేపణ నిలవదు. 1952 ప్రాంతంలో అమెరికాలో గ్రేస్ హాపర్ యూనివాక్ యంత్రం కోసం తయారుచేసిన ఎ-0 అనే ప్రోగ్రాము, ముందే వ్రాసి భద్రపరచిన చిన్న చిన్న గణన విధానాలను ఏరి తెచ్చి ఒకచోట కూర్చేది. కంపైలరు అన్న పేరు అందుకే. బిట్‌కాయిన్ విషయంలోనైతే కష్టమంతా ఆ కూర్పులోనే వచ్చింది.

నకమోటో పాఠం పెద్దది కాదు. కాని అది ఒంటరిగా నిలిచేదీ కాదు. తెరమీద కిటికీలూ మీటలూ గీయడానికి డబ్ల్యుఎక్స్‌విడ్జెట్స్, సంతకాల గణితానికి ఓపెన్‌ఎస్ఎస్ఎల్, ఖాతా వివరాలు దాచడానికి బర్క్‌లీ డీబీ, చిల్లర పనులకు బూస్ట్, ఈ నాలుగు లైబ్రరీలనూ ముందుగా సమకూర్చుకోవాలి. ఆపైన మింజీడబ్ల్యు కంపైలరుతోనో, అప్పటికే పాతబడిన మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ 6తోనో వాటిని మూలపాఠంతో జతచేయాలి. అంత ఓపిక ఎందరికుంటుంది? చాలామంది సిద్ధంగా ఉన్న ప్రోగ్రామునే దింపుకొన్నారు.

విండోస్ దాటి తొలి అడుగు 2009 డిసెంబరులో పడింది. ఫిన్లండుకు చెందిన మార్తి మాల్మి తోడ్పాటుతో 0.2 ప్రతి లినక్సుపై నడిచింది. 2010లో లాస్లో హాన్యెచ్ మ్యాక్ కంప్యూటరుపై దానిని కంపైల్ చేసి చూపాడు; ఆ జూలైలో వచ్చిన 0.3 ప్రతిలో మ్యాక్‌కూ చోటు దొరికింది. 2010 మే 22న 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నవాడు ఈ హాన్యెచే. లోకం ఆయనను పిజ్జాలతోనే గుర్తుపెట్టుకున్నది. చేసిన అసలు ఉపకారం మరుగున పడింది.

ఇక ఆ లైబ్రరీల సంగతి. ఒకే మూలపాఠాన్ని ఇద్దరు వేర్వేరు లైబ్రరీలతో జతచేస్తే రెండు ప్రోగ్రాములు పుడతాయి, పైకి కవలలే, లోపల కాదు. అప్పట్లో విడుదలైన ప్రతులు బర్క్‌లీ డీబీ 4.8తో కూర్చినవి. కొన్నేళ్లకే లినక్సు పంపిణీలు 5వ తరానికి వెళ్లాయి. కొత్తదానితో కంపైల్ చేసుకొన్నవాడి ఖాతా ఫైలును విడుదల ప్రతి తెరవలేదు. అందుచేత నిర్మాణం మొదట్లోనే తనిఖీ పెట్టారు: 4.8 లేకపోతే పని అక్కడే ఆగిపోయేది. పొసగదని తెలిసీ కావాలనుకుంటే ఆ మాట ఆజ్ఞలో ప్రత్యేకంగా చెప్పవలసి ఉండేది. ఉబుంటు వాడేవారెందరో ఈ ఒక్క పాత లైబ్రరీని విడిగా తెచ్చి కంపైల్ చేసుకోవలసి వచ్చింది.

ఇది అసౌకర్యం మాత్రమే. 2013 మార్చిలో జరిగినది ప్రమాదం. అంతకు నెల ముందు వచ్చిన 0.8 ప్రతి బ్లాకుల వివరాలు దాచడానికి బర్క్‌లీ డీబీని వదలి లెవెల్‌డీబీని చేపట్టింది. కొత్త ప్రతి తయారుచేసిన ఒక పెద్ద బ్లాకును పాత ప్రతులు మింగలేకపోయాయి. బర్క్‌లీ డీబీలో ఒకేసారి వేయదగిన తాళాలకు ఒక పరిమితి ఉన్నది; ఆ బ్లాకు దానిని మించింది. ఆ పరిమితి బిట్‌కాయిన్ నియమమని ఎవరూ ఎక్కడా వ్రాయలేదు. అయినా అది నియమంలాగే పనిచేసి, గొలుసును రెండుగా చీల్చింది. గనికారులు కొందరు తమ లాభం వదులుకొని 0.7కు వెనక్కి వెళ్లిన తరువాతగాని కొన్ని గంటలకు రెండు పాయలూ ఒకటి కాలేదు.

2015 జనవరిలో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ వంతు వచ్చింది. డిజిటల్ సంతకం వ్రాసే తీరును ఆ లైబ్రరీ కొత్త ప్రతి కఠినంగా పరీక్షించసాగింది. అంతవరకు చెల్లిన కొన్ని సంతకాలను తప్పని త్రోసిపుచ్చింది. ఇక్కడొక వైపరీత్యం గమనించాలి. సిద్ధప్రతిని దింపుకొన్నవారికి ఏమీ కాలేదు, ఎందుకంటే అందులో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ముందే అతికి ఉన్నది. స్వయంగా కంపైల్ చేసుకొని, తమ కంప్యూటరులోని లైబ్రరీకి ముడిపెట్టుకొన్నవారే, ఆ లైబ్రరీ తాజాపడగానే, మిగతా లోకంతో తెగిపోయే స్థితిలో పడ్డారు. స్వహస్తంతో చేసుకొన్నంత మాత్రాన భద్రం కాదన్నమాట. హడావుడిగా 0.9.4 వచ్చింది. సంతకాల గణితం కోసం పీటర్ వుయిలె మొదలుపెట్టిన ప్రత్యేక లైబ్రరీ క్రమంగా ఆ స్థానాన్ని ఆక్రమించింది. 2020లో వచ్చిన 0.20తో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ పూర్తిగా సెలవు తీసుకున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మా ఇంటి ఉబుంటు కంప్యూటరులో నేనూ ఈ ప్రోగ్రామును కంపైల్ చేశాను. మూలపాఠం దింపుకొని, లైబ్రరీలు తెచ్చి, రెండు మూడు ఆజ్ఞలు ఇస్తే, తెరమీద ఫైళ్ల పేర్లు సహస్రనామంలా సాగిపోయి చివరకు ప్రోగ్రాము చేతికొస్తుంది. దాని షా-256 ముద్రను, అంటే ఒక్క అక్షరం మారినా మొత్తం మారిపోయే సంఖ్యను, విడుదల ప్రతి ముద్రతో పోలిస్తే కలవదు. కలవదు గనుక మోసమనీ చెప్పలేము. కంపైలరు తరం వేరైనా, ఫైలులో నిర్మాణ సమయం నమోదైనా, ఫోల్డరు పేరు వేరైనా, ఫైళ్లను చేర్చిన వరుస మారినా ముద్ర మారుతుంది. తాళపత్రాలలో ఏ రెండు ప్రతులూ ఒకలాగ ఉండవు. ఆ భేదాలలో లేఖకదోషమేది, ప్రక్షిప్తమేది అని తేల్చడమే పరిష్కర్త పని. ఇక్కడా అదే చిక్కు. నిరపాయమైన భేదాలు వేలు ఉన్నప్పుడు వాటి చాటున ఒక్క దొంగ ప్రక్షిప్తం హాయిగా దాగుతుంది.

దీనికి 2011లో దొరికిన ఉపాయం గీషియన్. డెవ్‌రాండమ్ అన్న పేరుతో పనిచేసిన రచయిత రూపొందించిన ఈ పనిముట్టు, ఒక నిర్ణీత ఉబుంటును కంప్యూటరు లోపలి కంప్యూటరుగా లేపి, కంపైలరు తరం, గడియారం, ఫైళ్ల వరుస అన్నిటినీ స్థిరపరచి అందులోనే నిర్మాణం జరుపుతుంది. విండోస్, మ్యాక్ ప్రతులు సైతం లినక్సులోనే తయారవుతాయి. వేర్వేరు దేశాలలోని నిర్మాతలు ఎవరికివారు కంపైల్ చేసి, వచ్చిన ముద్రపై తమ సంతకం పెట్టి ప్రకటిస్తారు. అన్నీ ఒకటైతేనే నమ్మకం. ఒక పండితుడు మోసపోవచ్చు, లొంగిపోవచ్చు. ఒకరినొకరు చూడని పదిమంది ఒకే ముద్రకు రావాలంటే మూలపాఠం తప్ప వేరే కారణం ఉండదు. టోర్ బ్రౌజరు నిర్మాతలు 2013లో ఈ మార్గాన్నే అనుసరించారు. అదే ఏడు డెబియన్ వారూ తమ ప్యాకేజీలకు ఇటువంటి యత్నమే ఆరంభించారు.

ముద్ర పోల్చడం చాదస్తమనుకొనేవారికి 2019 నవంబరు ఒక జవాబు. మొనేరో అనే మరొక గూఢనాణెం అధికారిక స్థలంలోనే కొద్దిసేపు దొంగ ప్రోగ్రాములు చేరాయి. ఖాతా తెరవగానే దాని రహస్యాన్ని దొంగకు చేరవేయడం వాటి పని. మూలపాఠంలో ఏ దోషమూ లేదు. దానిని వేయిమంది చదివినా పట్టుబడదు. దింపుకొన్న ఫైలు ముద్రను ప్రకటిత ముద్రతో సరిచూసిన ఒక వినియోగదారుకు తేడా కనబడింది. అతడి హెచ్చరికతో విషయం బయటపడింది. ఆలోగా నాణేలు పోగొట్టుకొన్నవారున్నట్లు వార్తలొచ్చాయి.

అయితే కంపైలరే దొంగదైతే? ఈ సందేహం బిట్‌కాయిన్ కన్న పాతది. యూనిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో దీనిని వివరించారు. 1984లో అది అచ్చయింది. కంపైలరులో ఒక దొంగబుద్ధి చొప్పించి, ఆ కంపైలరు తన తరువాతి తరాన్ని తయారుచేసేటప్పుడు ఆ బుద్ధిని తానే మళ్లీ చొప్పించేటట్లు చేస్తే, మూలపాఠంలో దాని జాడ అక్షరమైనా మిగలదు. గీషియన్ దీనికి చాలదు. పదిమందీ ఒకే ఉబుంటు కంపైలరును వాడితే పదిమందికీ ఒకే దొంగ ముద్ర వస్తుంది.

అందుకే 2021 సెప్టెంబరులో వచ్చిన 22.0 నుంచి బిట్‌కాయిన్ కోర్ నిర్మాణం గీక్స్ అనే వ్యవస్థకు మారింది. కార్ల్ డాంగ్ ఇందులో ఎక్కువ శ్రమించాడు. గీక్స్ పద్ధతిలో కంపైలరునూ మూలపాఠం నుంచే కడతారు. దానిని కట్టే చిన్న కంపైలరును మరింత చిన్నదానితో, అలా క్రిందికి. 2023 ఏప్రిల్లో గీక్స్ నిర్మాతలు ఈ మెట్ల అడుగున బీజంగా 357 బైట్ల ప్రోగ్రామును నిలపగలిగారు. అంత చిన్నదానిని మనిషి కాగితం మీద పెట్టుకొని అంకె అంకె చదవగలడు. దానిని నడిపే యంత్రమూ, దాని కెర్నలూ, ఈ మెట్ల నిర్మాణాన్ని నడిపించే మరొక సిద్ధ ప్రోగ్రామూ ఇంకా నమ్మకం మీదే ఉన్నాయి. నా దృష్టిలో ఇది ఈ కథలోని అతి పెద్ద విజయం, నాణెం ధర ఏమైనా సరే.

2025 ఏప్రిల్లో వచ్చిన 29.0తో పాత ఆటోటూల్స్ పోయి సీమేక్ అనే నిర్మాణ సాధనం వచ్చింది. విండోస్‌లోనే కంపైల్ చేసుకొనేవారికీ లినక్సువారికీ ఇప్పుడు దారి ఒకటే. అదే ఏడు అక్టోబరులో విడుదలైన 30.0 నుంచి బర్క్‌లీ డీబీ ఖాతాలనూ తొలగించారు. పాత ఫైళ్లను చదివి కొత్త రూపంలోకి మార్చే చిన్న భాగం మాత్రం ఉంచారు. దానికి బర్క్‌లీ డీబీ 4.8 అక్కరలేదు.