కట్టు విప్పిన తర్వాత

తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు మీదుగా, తామరైపాక్కం వరకు, అక్కడి నుంచి చెన్నై శివార్ల వరకు, రోడ్ల పక్కన ‘పుత్తూరు కట్టు’ అని తమిళంలో రాసిన బోర్డులు కనిపిస్తూ ఉంటాయి. ఆ పేరులోని ఊరు తెలుగు నేలది, కట్టు అనే మాట రెండు భాషలకూ ఉమ్మడిది. కబడ్డీ బరిలో మణికట్టు విరిగినా, క్రికెట్ ఆడుతూ పడి చీలమండ మడతపడినా ఈ ప్రాంతపు కుటుంబాలకు మొదట గుర్తొచ్చేది చాలాకాలంగా పుత్తూరే. అయితే ఎముక అతుక్కోవడం ఒక సంగతి, ఆ కాలు మళ్ళీ ఆటకు పనికిరావడం మరొక సంగతి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని దాటించే విద్యనే నేడు ఫిజియోథెరపీ అంటున్నారు. మందు మీదా కత్తి మీదా ఆధారపడకుండా కదలిక, వ్యాయామం, స్పర్శ, వేడి, చల్లదనం వంటి భౌతిక సాధనాలతో అవయవానికి పోయిన శక్తిని తిరిగి తెచ్చే చికిత్స అది. దాని చరిత్ర పైకి పాశ్చాత్యమైనదిగా కనిపించినా, లోతుకు వెళ్తే అది కట్టుకూ కదలికకూ మధ్య వేల ఏళ్ళుగా సాగుతున్న వాదమేనని, ఆ వాదంలో రెండు పక్షాలూ ఈ నేలకు పరిచయమైనవేనని తెలుస్తుంది.

పుత్తూరు నేడు తిరుపతి జిల్లాలో ఉంది. ఆ పక్కనే ఉన్న రాచపాళెంలో ఈ వైద్యం 1881 నుంచి సాగుతున్నదని, దానికి ఆద్యుడు కేశవరాజు అని చెప్పుకుంటారు. వేటలో దొరికిన కుందేలును పచ్చని ఆకుల్లో చుట్టి తెస్తే, విప్పి చూసేసరికి దాని విరిగిన కాలు అతికి ఉన్నదని, ఆ ఆకేదో వెదికి పట్టుకోవడంతో వైద్యం మొదలైందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన కథ. ఎముక అతకడానికి వారాలు పట్టే మాట నిజమే గనుక కథను కథగానే తీసుకోవాలి, కానీ ఆ చికిత్సలోని పనితనం మాత్రం కల్పన కాదు. విరిగిన చోటును వేళ్ళతో తడిమి చూసి, జరిగిన ఎముకను లాగి సరైన వరుసలోకి తెచ్చి, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పట్టించి, గుడ్డ చుట్టి, వెదురు బద్దలతో బిగించి కట్టడం తరతరాలుగా చేతి నుంచి చేతికి వచ్చిన నేర్పు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరి, పుత్తూరు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండిపోయినప్పుడు ఊళ్ళ మధ్య రాష్ట్ర సరిహద్దు పడింది గానీ, విరిగిన చేతిని గుడ్డతో మెడకు వేలాడదీసుకుని బస్సెక్కే జనానికి ఆ గీత అడ్డం రాలేదు.

కట్టుకు ఒక ప్రమాదం కూడా ఉంది. జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మాన్ దానిని వివరించిన ప్రసిద్ధ వ్యాసం కూడా, కాకతాళీయమే అయినా, 1881లోనే వెలువడింది. కట్టు అతిగా బిగిస్తే లోపలి వాపుకు చోటు చాలక, కండరానికి నెత్తురు అందక, కొన్ని గంటల్లోనే కండరం చచ్చి, తర్వాత చేతివేళ్ళు గోళ్ళలా వంకరపోయి బిగుసుకుపోతాయని ఆయన చూపాడు. ఈ ముప్పు వెదురు బద్దకే కాదు, ఆసుపత్రిలో వేసే సున్నపుపిండి కట్టుకూ ఉంది. కట్టు వేసిన తర్వాత వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, వేళ్ళను చాపబోతే భరించలేని నొప్పి కలిగినా తెల్లవారేదాకా ఆగకూడదని చెప్పేది అందుకే.

ఆశ్చర్యమేమిటంటే ఈ హెచ్చరిక సుశ్రుత సంహితలోనే ఉంది. విరిగిన ఎముకల చికిత్సను చెప్పే భగ్న చికిత్సా ప్రకరణంలో, కట్టు వదులైతే కీలుకు నిలకడ రాదని, బిగువైతే వాపు, నొప్పి, చీము కలుగుతాయని, అందుకే మధ్యస్థంగా కట్టాలని ఉంది. బద్దలకు ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, మర్రి చెట్ల బెరళ్ళూ వెదురూ వాడమని, చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణ కాలంలో ఐదు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు కట్టు మార్చమని కూడా ఆ గ్రంథం చెబుతుంది. ఇంతవరకు కట్టు శాస్త్రం. ఆ తర్వాత అరచేతికి దెబ్బ తగిలినవాడి గురించి వచ్చే ఒక చిన్న సూచన మాత్రం చదివేవారిని నిలబెట్టేస్తుంది: అతడు ముందు మట్టిముద్దను చేత పట్టుకోవాలి, తర్వాత ఉప్పుగడ్డను, చేతికి బలం వచ్చాక రాయిని. మెత్తనిదాని నుంచి గట్టిదానికి, తేలికదాని నుంచి బరువైనదానికి, అదీ బలం వచ్చాకనే అన్న షరతుతో. నేటి ఫిజియోథెరపీ గదిలో మెత్తని రబ్బరు బంతితో మొదలుపెట్టి గట్టి స్ప్రింగు వరకు తీసుకుపోయే చికిత్స క్రమానికి ఇంతకంటె క్లుప్తమైన వర్ణన దొరకదు. కట్టు కట్టే పని ఊళ్ళలో వంశవిద్యగా నిలిచిపోయి, రాయి పట్టించే పని మాత్రం జారిపోవడం మన వైద్య చరిత్రలో పెద్ద నష్టమని చెప్పక తప్పదు.

పుత్తూరు కథను పోలిన కథ బ్రిటన్‌లోనూ ఉంది. వేల్స్ తీరంలోని ఆంగ్లసీ దీవికి 18వ శతాబ్దంలో ఓడ మునిగి కొట్టుకొచ్చిన ఒక బాలుడికి ఎముకలు సరిచేసే విద్య పుట్టుకతోనే ఉండేదని, అతడి వంశమంతా ఎముకల వైద్యులైందని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ వంశస్థుడైన ఇవాన్ థామస్ లివర్‌పూల్ రేవు కూలీలకు కట్లు కడుతూ, చదువుకున్న డాక్టర్లు వేసిన కేసులతో విసిగి, తన ఐదుగురు కొడుకులనూ వైద్య కళాశాలకు పంపాడు. వారిలో హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) ఆధునిక ఎముకల వైద్యానికి పునాది వేసినవారిలో ఒకడు. గాయపడిన అవయవానికి కావలసింది విశ్రాంతి, అదీ కట్టుదిట్టంగా, ఎడతెగకుండా, దీర్ఘకాలం ఇచ్చే విశ్రాంతి అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన రూపొందించిన ఇనుప చట్రాన్ని మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచయుద్ధంలో ప్రచారంలోకి తేగా, తొడ ఎముక చితికిన సైనికులలో నూటికి 80 వరకు ఉన్న మరణాలు దాదాపు 20కి తగ్గాయి. అయితే బతికినవారి ముందు మరొక సమస్య నిలిచింది. ఎముక అతికింది, కాలు మాత్రం కర్రలా బిగుసుకుపోయి, తొడ కండరం సగానికి సన్నబడింది.

అంతకు ముందే ఫ్రాన్సులో జుస్త్ లూకా షాంపియోనియేర్ విరిగిన అవయవానికైనా తొలి రోజుల నుంచే మృదువైన మర్దన, కొద్దిపాటి కదలిక కావాలని వాదించి, కదలికే జీవం అన్నంత గట్టిగా ప్రచారం చేశాడు. స్వీడన్‌లో పేర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో నెలకొల్పిన వ్యాయామ విద్యాలయం వైద్యం కోసం చేయించే వ్యాయామాలకు ఒక పద్ధతిని ఏర్పరచింది. లండన్‌లో 1894లో నలుగురు నర్సులు కలిసి, మర్దన పనికి శిక్షణనూ గౌరవాన్నీ కల్పించడానికి ఒక సంఘం పెట్టారు. నేటి బ్రిటిష్ ఫిజియోథెరపిస్టుల సంఘం దాని నుంచి ఎదిగినదే. తర్వాత రెండో ప్రపంచయుద్ధకాలంలో షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో థామస్ డిలోర్మ్ అనే వైద్యుడు, మోకాలి గాయాలతో ఉన్న సైనికులకు తేలిక కదలికలను వందలసార్లు చేయించే పాత పద్ధతిని విడిచి, కొద్దిసార్లే అయినా క్రమంగా బరువు పెంచుతూ ఎత్తించడం మొదలుపెట్టి, ఆ ఫలితాలను 1945లో ప్రకటించాడు. మట్టిముద్ద, ఉప్పుగడ్డ, రాయి అన్న క్రమాన్నే ఆయన పౌండ్ల లెక్కలోకి తెచ్చాడని చెప్పవచ్చు.

మన దేశంలో ఫిజియోథెరపీ ఆటగాళ్ళ కోసం రాలేదు. 1950ల మొదట్లో పోలియో దెబ్బకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయంతో బొంబాయి కె.ఈ.ఎం. ఆసుపత్రిలో తొలి శిక్షణ పాఠశాల వెలిసింది. తిరుత్తణికి అందుబాటులో ఉన్న వేలూరులో అది కుష్ఠువ్యాధి ద్వారా అడుగుపెట్టింది. క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ 1940ల చివరి నుంచి వంకరపోయిన చేతులకు, బాగున్న కండరపు స్నాయువును, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు వంటి భాగాన్ని, మరో చోటికి మార్చి కుట్టే శస్త్రచికిత్స చేసేవాడు. కుట్టినంత మాత్రాన చేయి పనిచేయదు, మణికట్టును ఆడించే కండరం ఇప్పుడు వేళ్ళను ఆడించాలని మెదడు కొత్తగా నేర్చుకోవాలి, ఆ నేర్పించే పని ఫిజియోథెరపీది. అక్కడే శిక్షణ పొందిన మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేసి, వైద్య పునరావాసంలో పైచదువు చదివి వచ్చింది. 1966లో వేలూరులో దేశంలోనే తొలి పునరావాస కేంద్రాలలో ఒకటి ఆమె నాయకత్వంలో మొదలైంది. నేడు మోకాలు బాగుచేయించుకునే ప్రతి ఆటగాడూ, తెలిసినా తెలియకపోయినా, ఆ పోలియో పిల్లలకూ ఆ కుష్ఠు రోగులకూ రుణపడి ఉన్నాడు.

ఆటగాయాలలో ఎముక విరగడం కంటె ఎక్కువ చిక్కు తెచ్చేది లిగమెంటు, అంటే ఒక ఎముకను మరో ఎముకతో పట్టి ఉంచే బలమైన పీచుపట్టీ. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఒక్కసారిగా వెనుదిరిగేటప్పుడు పాదం మట్టిలో నాటుకుపోయి, ఒళ్ళు మాత్రం పక్కకు తిరిగితే, మోకాలి నడిమధ్యనున్న ఏసీఎల్ అనే పట్టీ టప్పుమని తెగుతుంది. ఎక్స్‌రేలో అది కనిపించదు, విరిగిన ఎముకలా కట్టుతో అతుక్కుంటుందని ఆశపడటానికీ లేదు. ‘ఎముకకేమీ కాలేదు’ అన్న మాటకు సంతోషించి, వాపు తగ్గగానే మళ్ళీ బరిలో దిగిన కుర్రవాడి మోకాలు మలుపు తిరిగిన ప్రతిసారీ జారి, లోపలి మెత్తటి దిండ్లు కూడా చిరిగిపోవడం ఊళ్ళలో తరచుగా జరిగే అన్యాయం. బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణెలో జాతీయ క్రీడల సందర్భంగా డబుల్స్ ఆడుతుండగా తెగింది ఈ పట్టీయే. ఆ మోకాలికి మూడు శస్త్రచికిత్సలు జరిగాయి. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15–12, 15–6తో ఓడించి ఆయన ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచినప్పుడు, పత్రికలు స్మాష్‌లను వర్ణించాయి. ఆ విజయానికి ముందున్న ఏళ్ళలో ఆ కాలిని తిరిగి నిలబెట్టిన శ్రమ ఎవరికీ కనిపించని శ్రమ.

ఆ శ్రమ ఎంత చిన్నదానితో మొదలవుతుందో దగ్గరగా చూడాలి. మోకాలికి దెబ్బ తగలగానే, నీరు చేరగానే, వెన్నుపాము స్థాయిలోనే ఒక అడ్డంకి ఏర్పడి, తొడ ముందు భాగపు నాలుగు కండరాల జట్టయిన క్వాడ్రిసెప్స్‌కు ఆజ్ఞ సరిగా అందదు. మనిషి ఎంత ప్రయత్నించినా కండరం బిగియదు. అందుకే తొలి వ్యాయామంగా మడిచిన తువ్వాలును మోకాలి కింద పెట్టి, దానిని మంచానికేసి అదమమంటారు. చిప్ప కొద్దిగా పైకి జరిగి, దాని పైనున్న కండరం గట్టిపడితే ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. రోజుకు ఎన్నోసార్లు చేయవలసిన ఈ పనిలో మొదటి రెండు మూడు రోజులు కండరం వణకడమే తప్ప బిగియదు, ఆ వణుకే శుభసూచన. తర్వాత కాలిని నిటారుగా ఎత్తడం, మోకాలిని పూర్తిగా చాపగలగడం, గోడ పట్టుకుని ఒంటికాలిపై నిలబడటం, కళ్ళు మూసుకుని నిలబడటం వరుసగా వస్తాయి. ఈ చివరిది వింతగా తోచవచ్చు గానీ, తెగిన పట్టీతో పాటు మోకాలు ఎక్కడ, ఏ కోణంలో ఉన్నదో మెదడుకు చెప్పే నరాల కొసలు కూడా పోతాయి కనుక, ఆ భావనను మిగిలిన కండరాల ద్వారా మళ్ళీ నేర్పవలసి ఉంటుంది.

ఒకప్పుడు ఏసీఎల్ శస్త్రచికిత్స తర్వాత ఆరు వారాలు సున్నపు కట్టులో ఉంచేవారు. అమెరికాలో షెల్‌బోర్న్, నిట్జ్ అనే ఇద్దరు తమ రోగులలో చెప్పిన మాట వినకుండా తొందరపడి నడిచినవారే బాగా కోలుకున్నారని గమనించి, 1990లో ఆ అనుభవాన్ని ప్రచురించారు. దాంతో మోకాలిని మొదటి రోజు నుంచే చాపించడం, ఓర్చుకోగలిగినంత బరువు మోపించడం వాడుకలోకి వచ్చింది. బెణుకు విషయంలోనూ ఇదే మార్పు. 1978లో అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్ ప్రచారం చేసిన విశ్రాంతి, మంచు, అదుముడు, ఎత్తు అనే నాలుగు సూత్రాలలో మంచూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. తాను చెప్పినదానిని తానే దిద్దుకున్న ఆ నిజాయితీ మెచ్చదగినది. మడమ పైనున్న స్నాయువు నొప్పికి స్వీడన్‌కు చెందిన హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ 1998లో సూచించిన చికిత్సకు ఒక మెట్టు చాలు. మునివేళ్ళపై నిలబడి మడమను మెట్టు అంచు కిందికి నెమ్మదిగా దించడం, 15 సార్ల చొప్పున మూడు విడతలు, రోజుకు రెండుపూటలా, 12 వారాలు.

ఇన్ని నెలల క్రమంలో అతి ప్రమాదకరమైన కాలం నొప్పి తగ్గిన కాలమే. తెగిన పట్టీ స్థానంలో అమర్చిన స్నాయువు మొదట బలహీనపడి, కొత్త నెత్తురునాళాలు అల్లుకున్నాక నెమ్మదిగా లిగమెంటు స్వభావం తెచ్చుకుంటుంది. మూడో నెలలో ఆటగాడికి కాలు బాగైపోయినట్టే ఉంటుంది, లోపల మాత్రం పని సగం కూడా కాదు. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిదో నెల దాకా ఆటకు తిరిగి వెళ్ళడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్ళీ గాయపడే అవకాశం దాదాపు సగానికి తగ్గింది. పంట అమ్మకానికో పోటీల తేదీకో ముడిపడిన పల్లె ఆటగాడికి తొమ్మిది నెలలు చాలా పెద్ద మాట, కానీ దానికి దగ్గరదారి లేదు.

అయితే నెలలు గడిచినంత మాత్రాన చాలదు, చివరి పరీక్ష క్యాలెండరుతో కాక టేపుతో జరుగుతుంది. నేల మీద సుద్దగీత గీసి, బాగున్న కాలితో ఒక్క గెంతు గెంతించి, దిగిన చోట తూలకుండా నిలబడ్డాక మడమ దగ్గర గుర్తు పెడతారు. తర్వాత గాయపడిన కాలితో అదే గెంతు. మొదటి కాలు 150 సెంటీమీటర్లు దూకితే రెండోది కనీసం 135 దూకాలి. 130 దగ్గర ఆగిపోయినవాడు టేపు చుట్టేసి, తువ్వాలూ ఇసుకసంచీ తీసుకుని ఇంటికి వెళ్ళి, మరో నెల తర్వాత ఆ గీత దగ్గరికే తిరిగి వస్తాడు.