సోఫోరోలిపిడ్ పొడి

ఈస్ట్ తయారుచేసే సబ్బులాంటి పదార్థాన్ని వేడిగాలిలోకి తుంపరగా చిమ్మి ఎండబెడితే వచ్చే చూర్ణం ఇది. నూనెకూ నీటికీ పొత్తు కుదర్చడం దీని పని. కుంకుడుకాయలోని సాపోనిన్లు చేసేదీ ఇదే. కాకపోతే కుంకుడు పెచ్చులు ఎండబెట్టి దంచితే పొడి సిద్ధం. ఈస్ట్ సరుకు అలా మాట వినదు. చిక్కటి పాకంలా, గోధుమరంగులో తొట్టె అడుగున పేరుకుంటుంది.

1961లో కెనడాలో గోరిన్, స్పెన్సర్, తుల్లోక్ ఈ పదార్థాన్ని మొదట వర్ణించారు. సోఫోరోజ్ అనే జంట గ్లూకోజు తలకు కొవ్వు ఆమ్లం తోకగా ఉండటం దీని నిర్మాణం. ఇప్పుడు పరిశ్రమ ఎక్కువగా నమ్ముకున్న ఈస్ట్ స్టార్మెరెల్లా బాంబికోలా. బంబుల్ తేనెటీగల తేనెలో దొరికిన ఈ ఈస్ట్‌ను 1970లో వేరే పేరుతో వర్ణించారు. చక్కెర, నూనె కలిపి మేపితే దిగుబడి ధారాళం: 1998 నాటికే లీటరుకు 400 గ్రాములు దాటింది. 2000ల ఆరంభంలో జపాన్ సంస్థ సరాయా సోఫోరోలిపిడ్‌ను గిన్నెలు కడిగే యంత్రాల డిటర్జెంట్‌లో వాడింది.

తుంపరగా చిమ్మి ఎండబెట్టే పద్ధతి ఇంకా పాతది. శామ్యూల్ పెర్సీకి అమెరికాలో దాని పేటెంటు 1872లోనే వచ్చింది. పాలపొడీ, గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారయ్యే ఇన్‌స్టంట్ కాఫీ పొడీ ఈ దారిన వచ్చినవే. గాలి 150 డిగ్రీలు దాటినా చుక్క మాడిపోదు. మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టే, తడి ఆవిరయ్యేంతసేపూ చుక్క చల్లగానే ఉంటుంది.

అసలు చిక్కు జిగురుతో. సోఫోరోలిపిడ్‌కు రెండు రూపాలున్నాయి. తోక మెలితిరిగి తలను పట్టుకున్న లాక్టోన్ రూపం తేలిగ్గా స్ఫటికాలు కడుతుంది. వడకట్టి ఆరబెడితే సరి, తుంపర యంత్రంతో పనే లేదు. నీటిలో బాగా కరిగే ఆమ్ల రూపమే సతాయిస్తుంది. వేడికి మెత్తబడి ఎండబెట్టే గది గోడలకు అంటుకుంటుంది, పొడయ్యాక తేమ పీల్చి గడ్డ కడుతుంది. అందుకే ముందుగా క్షారంతో లవణంగా మార్చడమో, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం కలపడమో చేస్తారు. కలిపిన కొద్దీ సంచిలో అసలు సరుకు పలచబడుతుంది. కొన్నవాడు పిండికి డబ్బు కట్టినట్టే! పైగా ద్రావణాన్ని కలియబెడితే నురగ లేస్తుంది, ఆ గాలి చిక్కుకుని రేణువులు బోలుగా తయారవుతాయి.

వరంగల్‌కు ఈ పొడితో చుట్టరికం కుదిరేది ముడిసరుకు వైపు నుంచి. ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి జిన్నింగు మిల్లులో గింజను వదులుతుంది, ఆ గింజ గానుగలో నూనెనిస్తుంది. పత్తిగింజల నూనెలో సగానికి అటూఇటూ లినోలిక్ ఆమ్లమే. మేపిన నూనె మారితే ఈస్ట్ అల్లే తోకా మారుతుంది, దానితోపాటు తుంపర గదిలో సరుకు ప్రవర్తన కూడా. ఇలాంటి తేడాలను అర్థం చేసుకునే చదువూ దగ్గరే: 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఇంజనీరింగు కళాశాల, నేటి ఎన్ఐటీ, ఉన్నది వరంగల్‌లోనే. కెమికల్ ఇంజనీరింగు, బయోటెక్నాలజీ రెండూ అక్కడ బోధిస్తున్నారు.