ఇంటిపట్టున అల్లిన లేసు: నరసాపురం తల్లుల చేతిపని చరిత్ర

పశ్చిమ గోదావరి జిల్లాలో, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటికి కొద్దిగా ఎగువన ఉన్న నరసాపురం చుట్టుపక్కల గ్రామాల్లో, చంటిబిడ్డల తల్లులు గడప దాటకుండా విదేశాల అంగళ్లకు సరుకు తయారు చేయడం మొదలై శతాబ్దిన్నర దాటింది. ఇంటి నుంచి చేసే ఉద్యోగం నగరవాసుల నిత్య సంభాషణలోకి 2020 తరువాత వచ్చినా, పసిబిడ్డను పెంచుకుంటూనే నాలుగు రాళ్లు సంపాదించుకునే వెసులుబాటు ఎవరికి ఎంత ధరకు దొరుకుతుందన్న ప్రశ్నకు ఈ డెల్టా గ్రామాల లేసు పనిలో చాలా పాత సమాధానం ఉంది. ఆ వెసులుబాటు విలువను వర్తకుడు కూలిలోంచే మినహాయించుకున్నాడన్నదే ఆ సమాధానం.

లేసు రాకముందు కూడా ఈ ప్రాంతపు ఆడవారికి ఇంటి సంపాదన కొత్తదేమీ కాదు. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం పేరు మీదుగానే ఒక రకం నూలుబట్టకు ఐరోపాలో మడపొల్లం అన్న పేరు స్థిరపడింది. డచ్చివారు పాలకొల్లులో, ఇంగ్లీషువారు మాధవాయపాలెంలో బట్టల వర్తకం సాగించిన కాలంలో, మగ్గానికి కావలసిన నూలును ఆడవారు ఇళ్లలో రాట్నం మీద వడికేవారు. వంట, పిల్లల పోషణ, పాడి పనుల మధ్య దొరికిన సమయంలో సాగే ఆ వడుకు పని 19వ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీ వర్తకం ముగిసి, లాంకషైర్ మిల్లుల బట్టా నూలూ దిగుమతి కావడంతో క్షీణించింది. దానికి తోడు 1832–33 నాటి నందన కరువు కృష్ణా, గోదావరి మండలాలను కుదిపివేసింది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా పచ్చబడ్డాక భూమి ఉన్నవారు కోలుకున్నారు గానీ, భూమి లేని కుటుంబాల ఆడవారికి నాట్లు, కోతలు ముగిసిన నెలల్లో పని దొరకడం కష్టంగానే ఉండేది.

ఆ ఖాళీలోకి లేసు వచ్చింది. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మతప్రచారకులు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్‌ను నెలకొల్పారు. 19వ శతాబ్ది మధ్యకాలంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు కొత్తగా క్రైస్తవం స్వీకరించిన మాల, మాదిగ కుటుంబాల ఆడవారికి లేసు అల్లడం నేర్పారు. వారు అల్లిన సరుకును తమ దేశంలోని పరిచయస్థుల ద్వారా అమ్మించి, వచ్చిన సొమ్మును తిరిగి ఇక్కడికి తెప్పించేవారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1845 తరువాతి బంగాళదుంప కరువులో, ఐర్లండు కాన్వెంట్లలోనూ పేదల ఇళ్లలోనూ కొక్కెం ఉన్న సూదితో లేసు అల్లే ఇదే పని ఆకలి తీర్చే పనిగా వ్యాపించడం గమనించదగినది. రెండు చోట్లా కరువు ముందు వచ్చింది, దయ దాని వెంట వచ్చింది, వర్తకం ఆ తరువాత చేరింది.

ఈ పని బాలింతల చేతికి ఎందుకు అంతగా ఒదిగిందో తెలియాలంటే అల్లిక తీరును దగ్గరగా చూడాలి. ఐరోపాలో ప్రసిద్ధమైన మరొక రకం లేసులో దిండు మీద గుండుసూదులు గుచ్చి, పదుల కొద్దీ చిన్న కండెలను వాటి చుట్టూ తిప్పుతూ దారాలను అల్లుతారు. మధ్యలో లేవాలంటే దిండుతో సహా అంతా కదలకుండా భద్రం చేసుకోవాలి. నరసాపురంలో నిలదొక్కుకున్న క్రోషియా అల్లికకు కావలసినవి చివర కొక్కెం ఉన్న చిన్న సూది ఒకటి, దారపు ఉండ ఒకటి. ఎంత పెద్ద అల్లకమైనా ఏ క్షణంలోనైనా విడిగా ఉండేది ఒకే ఒక్క ముడి. ఉయ్యాలలో బిడ్డ ఏడిస్తే ఆ ముడిని కాస్త పొడుగ్గా లాగి వదిలేసి లేవవచ్చు, పాలిచ్చి జోకొట్టి వచ్చాక అదే ముడిలోకి సూది దూర్చి ఆగిన చోటి నుంచే అందుకోవచ్చు. పైగా బల్లగుడ్డనో పక్కదుప్పటినో ఒకేసారి అల్లరు. అరచేతిలో ఇమిడే పువ్వులను విడివిడిగా అల్లి, తరువాత ఒకదానితో ఒకటి అతుకుతారు. ఆ రెండో పనిని అతుకుపని అంటారు. పురిటికి పుట్టింటికి వెళ్లే ఆడపిల్ల మూటలో ఈ సూదీ దారం కూడా ఇమిడిపోతాయి. తల్లి దగ్గరే ఆరేడేళ్ల వయసులో నేర్చిన పని కనుక పుట్టింట్లోనూ అత్తింట్లోనూ దానికి ఒకటే తీరు.

20వ శతాబ్ది ఆరంభం నాటికి ఎగుమతి వ్యాపారం స్థానికుల చేతుల్లోకి వచ్చింది, అల్లిక క్రైస్తవ కుటుంబాల నుంచి ఇతర కులాలకు పాకింది. కాపు కుటుంబాల్లో అది కుదురుకోవడానికి ఘోషా కారణమైంది. ఘోషా అంటే ఇంటి ఆడవారు పొలానికి గానీ బజారుకు గానీ వెళ్లకపోవడాన్ని కుటుంబ గౌరవంగా పాటించే ఆచారం. కూలికి వెళితే పరువు పోతుందని భావించే ఇంట్లో, సంపాదన అవసరమే అయినా దాన్ని సంపాదన అని పిలవనక్కరలేని పని ఒకటి దొరికింది. ఖాళీగా కూర్చోలేక అల్లుతున్నారన్న మాట ఇంటివారికీ సమ్మతమైంది, వర్తకుడికీ లాభించింది.

ఎగుమతిదారుడు దారాన్ని ఏజెంటుకు అప్పగిస్తాడు, ఏజెంటు దాన్ని ఊరూరా ఇళ్లకు చేరవేసి, అల్లిన సరుకును తిరిగి పోగు చేసుకుంటాడు. అల్లేవారికి కూలి రోజు లెక్కన కాక, అల్లకానికి పట్టిన దారాన్ని బట్టి ముడుతుంది. గంటల లెక్క ఎవరూ వేయరు కనుక, బిడ్డ కోసం లేచిన పది నిమిషాలు ఎవరి ఖాతాలోనూ పడవు, ఆ పది నిమిషాలను పూడ్చడానికి రాత్రి దీపం దగ్గర కూర్చున్న గంట కూడా పడదు. కూర్చునే చోటు, దీపపు ఖర్చు, కంటి శ్రమ అల్లే మనిషివే. తెల్లని దారం మీద పసివాడి చేతి మరకో పొయ్యి మసో అంటకుండా చూసుకోవడం ఒళ్లో బిడ్డ ఉన్న తల్లికి ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. వెసులుబాటు అన్నది ఇక్కడ నిజమే, బిడ్డను కంటి ముందు ఉంచుకున్న తల్లి నిశ్చింత కూడా నిజమే. ఆ రెంటినీ చూపించి కూలిని తక్కువగా ఉంచడం కూడా అంతే నిజం.

ఈ సంగతిని ప్రపంచం దృష్టికి తెచ్చినది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్. ఆమె 1970ల చివర నరసాపురం ప్రాంతంలో పరిశోధన చేసి, 1982లో వెలువరించిన గ్రంథం ప్రకారం, లక్షకు మించిన స్త్రీలు ఈ పనిలో ఉండగా, రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా చేతికి వచ్చేది రూపాయి లోపే. అంత తక్కువ కూలి ఎలా నిలదొక్కుకున్నదో వివరించడానికి ఆమె గృహిణీకరణ అనే భావనను ప్రతిపాదించారు. భర్త సంపాదన మీద బతికే గృహిణిగా ఒక స్త్రీని సమాజం ముందే నిర్వచించి, ఆమె చేసే ఉత్పత్తిని తీరిక వేళల కాలక్షేపంగా లెక్కగట్టడం, తద్వారా కార్మికురాలికి దక్కవలసిన కూలినీ హక్కులనూ ఆమెకు దూరం చేయడం అని దీని అర్థం. భర్తకు స్థిరమైన పని లేక, ఈ కాలక్షేపపు సొమ్ముతోనే బియ్యం తెచ్చుకునే ఇళ్లు ఉన్నా నిర్వచనం మారలేదు. 1971 జనాభా లెక్కలు మనిషి ప్రధాన వ్యాపకం ఏమిటని అడిగి, ఇంటిపని అన్నవారిని పనిచేయని వారి కింద రాసుకున్నందువల్ల, సముద్రాలు దాటే సరుకును తయారు చేస్తున్నవారు ప్రభుత్వ పట్టికల్లో కనిపించకపోవడంలో వింత లేదు. మీస్ పుస్తకం చేసిన గొప్ప మేలు ఈ కనిపించనితనానికి ఒక పేరు పెట్టడమే.

చట్టాలు కూడా చాలాకాలం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయాయి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు, 50 మంది లేక అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు, సెలవు ముగిశాక పని స్వభావాన్ని బట్టి, యజమానితో ఒప్పందం మేరకు ఇంటి నుంచి పనిచేసే వీలును కూడా చట్టంలో చేర్చారు. జీతపు ఉద్యోగినికి ఇది విలువైన హక్కు. యజమాని ఎవరో కాగితం మీద లేని లేసు కార్మికురాలు మాత్రం మొదటి నుంచీ ఇంట్లోనే ఉన్నా ఈ చట్టం నీడకు రాలేదు. బిడ్డ పుట్టిన వారాల్లో అల్లిక ఆగితే కూలి ఆగినట్టే. ఇంటి వద్ద పనిచేసేవారికి ఇతర కార్మికులతో సమానంగా ప్రసూతి రక్షణ సహా హక్కులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టం తన ఇంట్లోనో తనకు నచ్చిన చోటనో, కూలికి, యజమాని కోసం సరుకు తయారుచేసే వ్యక్తిని గృహాధారిత కార్మికుడిగా నిర్వచించింది. లేసు పని మొదలైన ఎన్నో తరాలకు వచ్చిన గుర్తింపు ఇది.

ఈలోగా చైనా యంత్రపు లేసు పోటీకి వచ్చి, చేతి అల్లికకు గిరాకీ తగ్గింది. 21వ శతాబ్ది తొలి దశాబ్దిలో నరసాపురం దగ్గరి రుస్తుంబాదలో లేసు వ్యాపార కేంద్రం ఏర్పడి, శిక్షణకూ నేరుగా అమ్మకానికీ కొంత దారి వేసింది. 2024లో నరసాపురం లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే వేరేచోట తయారైన సరుకును నరసాపురం పేరుతో అమ్మడానికి ఇక వీలులేదు. ఆ పేరును వాడుకునే అధికారం కోసం ఉత్పత్తిదారులు ఎవరికి వారు నమోదు చేసుకోవలసి ఉంటుంది, ఆ నమోదుకు అల్లే స్త్రీలు కూడా అర్హులే. ఏజెంటు ఇచ్చే కూలి రేటు మాత్రం ఆ గుర్తింపు పరిధిలోనిది కాదు.