జట్కా బండి నుంచి యాప్ టాక్సీ దాకా: పర్మిట్ ఎవరి కోసం?

1991 జూలై 24న కేంద్ర ప్రభుత్వం నూతన పారిశ్రామిక విధానాన్ని పార్లమెంటు ముందు ఉంచింది. పరిశ్రమల శాఖను ప్రధాని పీవీ నరసింహారావు తన వద్దనే ఉంచుకున్న రోజులవి. కొద్ది రంగాలు మినహా మిగిలిన అన్నింటా ఫ్యాక్టరీ పెట్టడానికి లైసెన్సు అవసరం లేకుండా పోయింది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు రవాణా రంగానికి సంబంధించి ఒక తీర్పు ఇచ్చింది. మిథిలేశ్ గార్గ్ కేసుగా అది ప్రసిద్ధం. తాము నడుపుతున్న మార్గాల్లో కొత్తవారికి పర్మిట్లు ఇవ్వడంపై అప్పటికే పర్మిట్లు ఉన్న బస్సు యజమానులు అభ్యంతరం చెప్పారు. పోటీ పెరిగితే ప్రయాణికులకు మేలేనని, పోటీదారు రాకుండా అడ్డుకునే హక్కు పాతవారికి లేదని న్యాయస్థానం తేల్చింది.

ఈ రెండింటినీ కలిపి చదివితే పర్మిట్ రాజ్యం కర్మాగారాలతో పాటు రోడ్డు మీద కూడా ముగిసిందనిపిస్తుంది. టాక్సీ, ఆటో రంగాల చరిత్ర ఆ అభిప్రాయాన్ని సమర్థించదు. అక్కడ పర్మిట్ రాజ్యం మరో ఇరవై ఏళ్లకు పైగా కొనసాగింది. ఆ తరువాత బలహీనపడినా, పెట్టుబడి బలం ఉన్నవారి విషయంలోనే బలహీనపడింది. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి పాత కట్టుబాట్లలో చాలా భాగం అలాగే మిగిలాయి. ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే మోటారు వాహనాలు రాకముందు కాలానికి వెళ్లాలి.

బాడుగ బండ్ల నియంత్రణ ఈ దేశంలో పురపాలక సంఘాల పనిగా మొదలైంది. 1879 నాటి హాక్నీ క్యారేజీ చట్టం మునిసిపాలిటీలకు, కంటోన్మెంట్లకు తమ హద్దుల్లో తిరిగే బాడుగ గుర్రపు బండ్లపై నియమాలు చేసుకునే అధికారం ఇచ్చింది. లైసెన్సు లేని బండిని బాడుగకు తిప్పకూడదు. ఎంతమందిని ఎక్కించాలో, ఎంతకు మించి బాడుగ అడగకూడదో ఊరి సంఘమే నిర్ణయించవచ్చు. మద్రాసు రాజధానికి 1911లో ఇటువంటి చట్టమే విడిగా వచ్చింది. రైల్వే స్టేషన్ బయట జట్కావాలాతో బాడుగ బేరమాడిన తరాలకు ఈ నియమాల అవసరం ఎవరూ చెప్పనక్కరలేదు. కొత్తగా ఊరికి వచ్చినవాడికి దూరం తెలియదు, న్యాయమైన బాడుగ ఎంతో తెలియదు, చేతిలో సామాను ఉంటుంది. ఆ నిస్సహాయతను సొమ్ము చేసుకోకుండా చూడటమే తొలి నియంత్రణ ఉద్దేశం. నియమం చేసేవారు, బండి తోలేవారు, ఎక్కేవారు అందరూ ఒకే ఊరివారు కావడం దాని బలం.

మోటారు వాహనం వచ్చాక ఈ ఉద్దేశం మారిపోయింది. 1914 నాటి తొలి మోటారు వాహనాల చట్టం ప్రధానంగా రిజిస్ట్రేషను, డ్రైవింగ్ లైసెన్సులతో సరిపెట్టుకుంది. 1930లలో ఆర్థిక మాంద్యం వచ్చింది. రైళ్ల రాబడి పడిపోయింది. బస్సులు, లారీలు రైల్వేల ప్రయాణికులను, సరుకును తన్నుకుపోతున్నాయన్న ఆందోళన ప్రభుత్వంలో మొదలైంది. రోడ్డు, రైలు పోటీని పరిశీలించడానికి మిచెల్, కిర్క్‌నెస్ అనే ఇద్దరు అధికారులను నియమించగా, వారి నివేదిక 1933లో వెలువడింది. ఆ చర్చల ఫలితమే 1939 మోటారు వాహనాల చట్టం. రోడ్డు, రైలు రవాణాల మధ్య సమన్వయం సాధించడం, మోటారు వాహనాల మధ్య గిట్టుబాటు కాని పోటీని నివారించడం ఆ చట్టం స్వయంగా పేర్కొన్న లక్ష్యాలు. పర్మిట్ లేనిదే ఏ వాహనమూ బాడుగకు తిరగరాదన్న కట్టుబాటు అందులోనే స్థిరపడింది. పర్మిట్ ఇచ్చే అధికారం పురపాలక సంఘాలకు గాక ప్రాంతీయ రవాణా సంస్థలకు దక్కింది. నేటికీ జనం నోట ఆర్టీఏగా నానుతున్న వ్యవస్థ మూలం అదే.

ఇక్కడ రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. నియంత్రణ ఊరి చేతిలో నుంచి ప్రభుత్వ శాఖ చేతిలోకి పోయింది. ప్రయాణికుడి రక్షణ కోసం పుట్టిన లైసెన్సు, పోటీని అదుపు చేసే పర్మిట్‌గా మారింది. స్వతంత్ర భారతం ఆ చట్టాన్ని సవరణలతో 1989 దాకా కొనసాగించింది. వలస పాలకుల రైల్వేలను కాపాడటానికి రూపొందిన పనిముట్టు, ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థకు కూడా అచ్చంగా సరిపోయింది.

అవసరం పెరుగుతుంటే సంఖ్యకు హద్దు గీసిన చోట పర్మిట్ కాగితమే ఆస్తి అవుతుంది. ఇందుకు ఢిల్లీ ఆటోలు మంచి ఉదాహరణ. వాయు కాలుష్యంపై విచారణలో భాగంగా 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ నగరంలో కొత్త ఆటోల రిజిస్ట్రేషను నిలిపివేసింది. పాతది తొలగించి దాని స్థానంలో కొత్తది తెచ్చుకోవడానికి మాత్రమే వీలు మిగిలింది. నగర జనాభా పెరుగుతూ పోయింది, ఆటోల సంఖ్య పెరగలేదు. షోరూం ధరకూ, పర్మిట్‌తో కలిపి చేతులు మారే ధరకూ మధ్య అంతరం లక్షల్లోకి చేరింది. అంత సొమ్ము డ్రైవరు వద్ద ఉండదు గనుక ఫైనాన్షియర్లు రంగంలోకి దిగారు. పర్మిట్ ఒకరి పేరున ఉంటుంది, అప్పు మరొకరిది, రోజువారీ కిరాయి కట్టి బండి నడిపేది ఇంకొకరు. మీటరు ప్రకారం వెళ్తే కిరాయికే చాలదు గనుక డ్రైవరు మీటరు వేయడం మానేశాడు. ప్రయాణికుడు డ్రైవరును తిట్టుకున్నాడు. ఆ తిట్టు చేరవలసిన ఫైనాన్షియరు ఎవరి కంటికీ కనపడలేదు. 2011 నవంబరులో సుప్రీంకోర్టే ఆ పరిమితిని లక్షకు పెంచవలసి వచ్చింది.

1988లో వచ్చి మరుసటి ఏడాది జూలై 1 నుంచి అమలైన కొత్త మోటారు వాహనాల చట్టం పర్మిట్లను సాధారణంగా నిరాకరించరాదని చెప్పింది. మిథిలేశ్ గార్గ్ తీర్పుకు ఆధారం అదే. కానీ అదే చట్టంలోని 74వ సెక్షను, అయిదు లక్షలకు తగ్గని జనాభా గల పట్టణాల్లో కాంట్రాక్ట్ క్యారేజీల సంఖ్యను పరిమితం చేసే వెసులుబాటును కేంద్రం ఆదేశానికి లోబడి అట్టిపెట్టింది. టాక్సీలు, ఆటోలు ఆ కోవలోనివే. ముందు తలుపు తెరిచి, పెద్ద నగరాల గుమ్మాల వద్ద గొళ్లెం ఉంచారన్నమాట.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ కూడా ఈ పరిస్థితిని మార్చలేదు. పురపాలక సంఘాలకు అప్పగించదగిన పద్దెనిమిది అంశాలను పన్నెండో షెడ్యూలు పేర్కొంది. వాటిలో రోడ్లున్నాయి, వంతెనలున్నాయి, బస్ స్టాపులు, పార్కింగ్ స్థలాలూ ఉన్నాయి. నగర రవాణా నియంత్రణ లేదు. టాక్సీ నిలిచే చోటు నగరపాలిక చూస్తుంది. ఆ టాక్సీ ఎంత బాడుగ తీసుకోవాలో, ఎన్ని టాక్సీలుండాలో రాష్ట్ర ప్రభుత్వం చూస్తుంది. ఆ ప్రభుత్వం చేతులు కట్టే చట్టం కేంద్రానిది. లండన్‌లో టాక్సీ లైసెన్సులు మేయరు ఆధీనంలోని రవాణా సంస్థ ఇస్తుంది. 2017లో ఊబర్ లైసెన్సును కొనసాగించేందుకు ఆ సంస్థ నిరాకరించగలిగింది. భారతదేశంలో ఏ మేయరుకూ ఆ అధికారం లేదు.

ఈ ఖాళీలోకే యాప్ కంపెనీలు వచ్చాయి. అప్పటికి ఢిల్లీ, ముంబై వంటి నగరాల్లో రేడియో టాక్సీలు నడుస్తున్నాయి. వాటికి మీటరు, ప్రభుత్వం నిర్ణయించిన రేటు, కొన్ని కచ్చితమైన షరతులు ఉన్నాయి. 2010లో ఓలా పుట్టింది, 2013లో ఊబర్ బెంగళూరులో అడుగుపెట్టింది. వాటిలో చేరిన కార్లలో చాలా వాటికి ఉన్నవి దేశమంతా తిరిగేందుకు ఇచ్చే టూరిస్టు పర్మిట్లు. యాత్రలకు ఉద్దేశించిన ఆ పర్మిట్లకు నగర మీటరు వర్తించదు. ఒకే వీధిలో, ఒకే ప్రయాణికుడి కోసం రెండు కార్లు పోటీ పడుతున్నాయి. ఒకదాని రేటు ప్రభుత్వం కట్టడి చేసింది, రెండోదాని రేటు కంపెనీ ఇష్టం. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఊబర్ కారులో ఒక యువతిపై జరిగిన అత్యాచారం తరువాతనే, ఈ కంపెనీలు ఏ లైసెన్సు కింద నడుస్తున్నాయన్న ప్రశ్న పాలకులకు తట్టింది. నిషేధాలు ప్రకటించారు, కార్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

ధరల యుద్ధం పోటీ కమిషన్ ముందుకు వెళ్లింది. ఖర్చు కంటే తక్కువకు ప్రయాణికులను తిప్పి, డ్రైవర్లకు ప్రోత్సాహకాలు గుప్పించి తమను మార్కెట్ నుంచి తరిమేస్తున్నారని రేడియో టాక్సీ సంస్థలు ఫిర్యాదు చేశాయి. ఓలాకు బెంగళూరు మార్కెట్లో ఆధిపత్య స్థానం లేదంటూ కమిషన్ 2017లో ఆ ఫిర్యాదులను కొట్టివేసింది. ఊబర్‌పై మేరు సంస్థ పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక్కో ప్రయాణానికి 204 రూపాయల నష్టం భరిస్తున్నారన్న ఆరోపణను 2019 సెప్టెంబరు తీర్పులో న్యాయస్థానం ప్రస్తావించి, దర్యాప్తు జరగాల్సిందేనంది. దర్యాప్తు ముగిశాక 2021లో కమిషన్ ఆ కేసునూ మూసివేసింది. ఇద్దరు పెద్దలు పోటీ పడుతున్నప్పుడు ఎవరికీ ఆధిపత్యం లేదన్నది చట్టపరంగా నిలిచే వాదనే. ఆ ఇద్దరి మధ్య నలిగి చిన్నవాళ్లు కనుమరుగు కావడాన్ని పట్టుకునే సాధనం మాత్రం ఆ చట్టంలో కనిపించలేదు.

తొలి రోజుల ప్రోత్సాహకాలు చూసి అప్పు చేసి కార్లు కొన్నవారు వేలాదిమంది. కొద్దికాలానికే ప్రోత్సాహకాలు తగ్గాయి, వాయిదాలు తగ్గలేదు. 2017 ఆరంభంలో హైదరాబాదులోనూ, ఆ వెంటనే ఢిల్లీలోనూ డ్రైవర్లు సమ్మెకు దిగారు. పర్మిట్ యజమానికి రోజు కిరాయి కట్టిన తండ్రి స్థానంలో, కంపెనీకి కమిషనూ బ్యాంకుకు వాయిదా కడుతున్న కొడుకు నిలబడ్డాడు.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, యాప్ కంపెనీలు రాష్ట్రాల నుంచి లైసెన్సు పొందాలన్నారు. 2020 నవంబరు మార్గదర్శకాలు రద్దీ వేళ రేటును మూల ధరకు ఒకటిన్నర రెట్లకు పరిమితం చేసి, బాడుగలో కనీసం 80 శాతం డ్రైవరుకు చెందాలన్నాయి. 2025 జూలై మార్గదర్శకాలు ఆ ఒకటిన్నరను రెండు రెట్లు చేశాయి. ఇవి కేంద్రం ఇచ్చిన నమూనాలు. అమలు రాష్ట్రాలది. డ్రైవరుకు 80 శాతం నిజంగా అందుతోందో లేదో తెలియాలంటే కంపెనీ లెక్కలు తెరిచి చూడగల అధికారి నగరంలో ఉండాలి. జట్కా బాడుగను తనిఖీ చేసిన మునిసిపల్ ఇన్‌స్పెక్టరుకు నేటి వారసుడు ఎవరన్న ప్రశ్నకు ఆ మార్గదర్శకాల్లో స్పష్టమైన జవాబు లేదు.

కొత్త ప్రయత్నాలూ లేకపోలేదు. బెంగళూరులో ఆటో డ్రైవర్ల సంఘం తోడ్పాటుతో 2022లో వచ్చిన నమ్మ యాత్రి, కమిషను లేకుండా నడవవచ్చని చూపింది. సహకార పద్ధతిలో టాక్సీ సేవ తెస్తామని 2025 మార్చిలో అమిత్ షా లోక్‌సభలో ప్రకటించారు. మరోవైపు ప్రభుత్వమే పోటీదారు అవుతున్న సందర్భాలున్నాయి. 2023 డిసెంబరులో తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైనప్పుడు ఆటో డ్రైవర్లు రోడ్డెక్కారు. 2025 ఆగస్టులో అదే పథకం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కొద్ది వారాలకే డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. పేద మహిళకు బస్సు ఉచితం కావడం తప్పు కాదు. ఒక విధానం ఒకరి కూటిని తగ్గిస్తున్నప్పుడు ఆ లెక్క ముందే వేయాలని ఆ సాయమే ఒప్పుకుంది.

గత నూట నలభై ఏళ్లలో రాజ్యం ఈ రంగాన్ని అడిగిన ప్రశ్నలు రెండే: బండ్లు ఎన్ని, బాడుగ ఎంత. బండి మీద, పర్మిట్ మీద, ఇప్పుడు యాప్ మీద పెత్తనం ఎవరిది, నష్టం వచ్చినప్పుడు అది ఎవరి ఇంటికి చేరుతుంది అన్న మూడో ప్రశ్నను పక్కన పెట్టింది. సంఖ్యకు హద్దు గీసినప్పుడు లాభం ఫైనాన్షియరుకు, హద్దు చెరిపినప్పుడు లాభం కంపెనీకి పోవడానికి కారణం అదే. న్యాయమైన పోటీ అంటే ఒకే వీధిలో తిరిగే బండ్లన్నింటికీ ఒకే నియమాలుండటం. ఆ నియమాలను ఆ వీధి తెలిసినవారే చేయడం, తనిఖీ చేయడం దానికి మొదటి మెట్టు. 1879లో పురపాలక సంఘాలకు వలస పాలకులు ఇచ్చిన ఆ అధికారాన్ని, స్వతంత్ర భారత నగరాలకు ఇవ్వడానికి సంకోచం దేనికో పార్లమెంటూ శాసనసభలూ చెప్పవలసి ఉంది.