బీన్ నది ఒడ్డున

లండన్‌కు ఉత్తరాన, హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో, వాటన్-ఎట్-స్టోన్ అనే పల్లె పక్కగా బీన్ నది పారుతూ వుంది. నాగావళినీ వంశధారనూ యెరిగిన కళ్ళకు అది నదిలాగా కాదు, పంటకాలువలాగా కనిపిస్తుంది. ఆ నదికి అడ్డుకట్ట వేసి విశాలమైన కొలనుగా మలిచారు. చుట్టూ పచ్చిక, పెద్ద పెద్ద చెట్లు, మిట్టమీద తెల్లని సౌధం. యిదే వుడ్‌హాల్ పార్కు. 1930ల నుంచీ ఆ సౌధంలో ఒక ప్రైవేటు పాఠశాల నడుస్తున్నది. తోటలోని కాలిబాట వెంట యెవరైనా నడవవచ్చు.

ఆ బాట మీద నడిచే తెలుగువాడు మాత్రం ఒక్క క్షణం ఆగవలసి వుంటుంది. యెందుకంటే, యీ సౌధాన్ని కట్టించినవాడు సర్ థామస్ రంబోల్డ్. 1778 నుండి 1780 వరకు మద్రాసు గవర్నరు.

1771లో పాత భవనం కాలిపోయింది. 1774లో రంబోల్డ్ యీ ఎస్టేటు కొన్నాడు. 1777లో థామస్ లెవర్టన్ నమూనాపై కొత్త నిర్మాణం మొదలయింది. అప్పటికాయన మద్రాసు గద్దె యెక్కనే లేదు. కనుక దీన్ని కట్టింది మన సర్కారు జిల్లాల సొమ్మే అనడం ఆవేశమే గాని చరిత్ర కాదు. ఆయన అంతకుముందు పాట్నాలో కంపెనీ ముఖ్యాధికారిగా వుండి, 1769లో ఇంగ్లండుకు తిరిగివెళ్ళాడు. తొలి ధనం బీహారులోనూ, బెంగాల్లోనూ కూడబెట్టినది. అదే ధనంతో 1774లో షాఫ్ట్స్‌బరీలో ఓట్లు కొన్నాడన్న అభియోగంపై కామన్స్ సభ విచారణ కూడా జరిపింది.

మరి మనకూ ఆయనకూ సంబంధమేమిటి?

ఉత్తర సర్కారుల భూములనూ, శిస్తులనూ, జమీందార్ల స్థితిగతులనూ అక్కడికే వెళ్ళి విచారించడానికి అంతకుముందు ఒక సర్క్యూట్ కమిటీ యేర్పడింది. రైతు నిజంగా యెంత కడుతున్నాడో తేల్చడం దాని పనులలో ఒకటి. రంబోల్డ్ వస్తూనే దానిని రద్దు చేశాడు. జమీందార్లనే మద్రాసు రమ్మని తాఖీదులు పంపాడు. విజయనగరం నుంచి మద్రాసుకు 800 కిలోమీటర్లకు పైబడిన దారి. పల్లకీలు, పరివారం, కానుకలు—యీ ఖర్చు చివరికి యెవరి గాదెలోనుంచి వస్తుందో పల్లెటూళ్ళు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

విజయనగరం ప్రభువు విజయరామరాజు తన అన్న సీతారామరాజును దివానుగా వుంచుకోనని మొరపెట్టుకొన్నాడు. రంబోల్డ్ ఆ దివానునే ఆయన నెత్తిన రుద్దాడు. గవర్నరు ఆంతరంగిక కార్యదర్శికి సీతారామరాజు లక్ష రూపాయలు యివ్వజూపినట్టు తెలిపే కాగితం, ఆ కార్యదర్శి చనిపోయాక బయటపడింది. మద్రాసులో వున్న కాలంలో గవర్నరు స్వదేశానికి 1,64,000 పౌనులు పంపాడన్నది ఆయనపై వచ్చిన అభియోగాలలో ఒకటి. 1781లో కంపెనీ డైరెక్టర్లు ఆయనను తొలగించారు. 1782లో పార్లమెంటులో శిక్షా బిల్లు వచ్చింది. 1783 చివరకు అది వీగిపోయింది. నేరం రుజువు కాలేదు.

యిక్కడ మనం ఒక పొరపాటు చేయకూడదు. రంబోల్డ్ దుర్మార్గుడు, అంతతో సరి అనుకుంటే, ఆయన తర్వాతివారందరూ సన్మార్గులనే అర్థం వస్తుంది. ఆ తోట యెవరెవరి చేతులు మారిందో చూడండి. 1791లో రంబోల్డ్ చనిపోయాక దాన్ని కొన్నవాడు పాల్ బెన్‌ఫీల్డ్. ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి, తంజావూరు పంటమీద హక్కు చెప్పినవాడు. 1785లో ఎడ్మండ్ బర్క్ కామన్స్ సభలో దుయ్యబట్టింది యితనినే. అతడు దివాలా తీయగా, 1801లో శామ్యూల్ స్మిత్ అనే బ్యాంకరు కొన్నాడు. గవర్నరు, వడ్డీవ్యాపారి, బ్యాంకరు! పాతికేళ్ళలో ఆ ఒక్క గేటు ముందు మూడు యుగాలు నడిచి వెళ్ళినట్టున్నది. మార్క్సు చెప్పిన ఆదిమ సంచయం నేరుగా ఫ్యాక్టరీ పొగగొట్టంగా మారదు. అది మొదట భూమి, బిరుదు, పార్లమెంటు సీటు అవుతుంది. దోపిడీకి మర్యాద కావాలి. ఆ మర్యాదకు మరోపేరే యీ పచ్చిక.

సర్కారుల్లోనూ యిదే మార్పు వచ్చింది. బకాయిల వొత్తిడి 1794 జూలై 10న పద్మనాభ యుద్ధానికి దారితీసింది, విజయరామరాజు నేలకొరిగాడు. 1802 నుండి శాశ్వత శిస్తు నిర్ణయం. అంతకుముందు లంచంగా పోయినది యికమీదట రశీదుతో పోయింది. రైతుకు ఆ రెంటికీ తేడా యేమిటి?

సౌధంలో ఒక గది వున్నది. దాని గోడలకు ప్రసిద్ధ చిత్రాల ముద్రణ ప్రతులను వందల సంఖ్యలో పొందికగా అతికించారు. అది అందమైన పని కాదని యెవరనగలరు? అందాన్ని తిట్టడం అభ్యుదయం కాదు. రాయి చెక్కినవాడూ, చెరువు తవ్వినవాడూ కూడా శ్రమజీవులే. ఆ దేశంలో వారి పేర్లూ ఫలకాల మీద లేవు. మన విజయనగరం కోటను చూచి గర్వపడే విద్యార్థి, బీన్ ఒడ్డున కోపగించడం న్యాయం కాదు. లక్ష రూపాయలకు కాగితం రాసినవాడు మనవాడే గదా!

రెండుచోట్లా వేయవలసిన ప్రశ్న వొక్కటే: యీ నీడకు నీళ్ళు పోసిందెవరు?