రసెల్ రాసుకున్న పులస

శ్రావణమాసంలో గోదావరికి ఎర్రనీరు రాగానే ఫిల్మ్ నగర్‌లోని గోదావరి వాళ్ల వంటిళ్లలో పులస చేప మాట వినిపిస్తుంది. పాలకొల్లు నుంచి అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, మొగల్తూరు నుంచి కృష్ణంరాజు... ఆ సీమ సినిమాకు ఇచ్చినవాళ్లు ఎందరో. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అన్న సామెత కూడా ఆ సీమదే.

ఈ చేప తెలుగు పేరు అచ్చులోకెక్కి 200 ఏళ్లు దాటింది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన స్కాట్లాండు వైద్యుడు పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో చేపలు సేకరించి బొమ్మలు గీయించాడు. వాటికి స్థానికంగా వాడే పేర్లనే ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. 1803లో ఆ 200 చేపలు పుస్తకంగా వచ్చాయి. అందులో ‘పలాసా’ ఉంది.

అయితే రసెల్ దానికి రెండు మాటల లాటిన్ పేరు పెట్టలేదు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో బెంగాలీల ‘ఇలిష్’తో ఆ పని చేశాడు. 1829లో ఫ్రాన్సు శాస్త్రవేత్త కువియే, రసెల్ వర్ణన ఆధారంగా ‘క్లూపియా పలాసా’ అన్నాడు. ముందు పెట్టిన పేరే చెల్లాలన్నది శాస్త్ర నియమం. అందుకే నేడు మన పులస ‘టెనువలోసా ఇలిషా’. ఏడేళ్ల తేడాతో తెలుగు పేరు వెనకబడిపోయింది.

హెర్రింగ్, కవ్వళ్ల వర్గానికి చెందిన ఈ చేపకు వెండి ఒళ్లు, వీపున ఒకటే రెక్క. పక్కన పొడుగునా సాగే గీత ఉండదు. పై దవడ ముందు నడుమ గంటు ఉంటుంది. పొట్ట అంచున రంపపు పళ్లలాంటి గట్టి పొలుసులు 30 నుంచి 33 దాకా ఉంటాయి. మొప్ప వెనక ఒక నల్ల మచ్చ, పిల్ల చేపలకైతే దాని వెనక చుక్కల వరుస. 60 సెంటీమీటర్ల దాకా ఎదగగలదు. దీని చుట్టం ‘హిల్సా కెలీ’ మాత్రం సాధారణంగా జానెడు దగ్గరే ఆగుతుంది, దాని పొలుసుల అంచులు కుచ్చుల్లా చీలి ఉంటాయి.

ఈ గుర్తులు జాతిని చెబుతాయి, నదిని చెప్పవు. సముద్రంలో విలస అనిపించుకున్నదే గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీది పులస అవుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఆ దారికి అడ్డుపడింది. ఒడిశా, బెంగాల్ తీరాల చేప కూడా అదే జాతి కాబట్టి పులస పేరుతో అమ్ముడవుతోంది.

వేలు పోసి కొనేవాళ్లు చేప ఏ రేవులో ఒడ్డెక్కిందో అడగండి, తెలిసిన జాలరి దగ్గరే కొనండి. చుక్కల వరుసతో కనిపించే పిల్ల చేపను మాత్రం కొనవద్దు. అది పెరిగి ఏటికి ఎదురీదితేనే రాబోయే శ్రావణాల్లో పులస.